వేళ తప్పిన ఆసియా కప్పు

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ – 14వ భాగం

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చిన కథ గత భాగంలో చెప్పుకున్నాం. అది అచ్చయిన వారానికి వేటపాలెం వెళ్లాను. సారస్వత నికేతనం వరండాలో రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు పత్రిక చుట్టి చేత్తో పట్టుకుని ఎదురొచ్చారు.

"బాగానే రాశారండీ. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఐదేళ్లు దేశంలో ఎదురులేని టీము గదా మనది. పైదేశాల క్లబ్బుల మీద ఆడి గెలిచిన కప్పు ఒక్కటీ రాయలేదేం? ఆసియా మొత్తానికి అట్లాంటి కప్పు పెట్టలేదా?"

"పెట్టారు మాస్టారూ. పదమూడేళ్లు ఆలస్యంగా పెట్టారు."

"అయితే అది రాయండి. ఆలస్యమైన సంగతే రాయండి."

ఆయన కోరినట్టే ఈ భాగం ఆ కప్పు గురించి. నాలుగంటే నాలుగుసార్లు జరిగి ఆగిపోయిన కప్పు అది. పేరు ఆసియా ఛాంపియన్ క్లబ్ టోర్నమెంటు. 1967లో పుట్టింది, 1971తో ముగిసింది. తెలుగు రాష్ట్రం పేరు ఆ టోర్నీ పట్టికలో ఎక్కడా కనిపించదు. అయినా మన ఫుట్‌బాల్ చరిత్రలో దానికి ఒక అధ్యాయం ఇవ్వాలనే నేననుకుంటున్నాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు నేను కూర్చున్న చోటు గురించి రెండు మాటలు. సారస్వత నికేతనం 1918లో మొదలైంది. మగ్గాల చప్పుడు తప్ప మరో సందడి లేని ఊళ్లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి పట్టుబట్టి నిలబెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా చూపిస్తారు. వందేళ్ల కిందటి తెలుగు పత్రికలు కూడా అక్కడ కట్టలు కట్టి ఉన్నాయి. పరిశోధకులు దూరాల నుంచి వచ్చి, రోజుల తరబడి ఉండి చదువుకుని వెళ్లిన చోటు.

వేటపాలెం, చీరాల చుట్టుపక్కల ఒకప్పుడు తేలియా రుమాళ్లు నేసేవారు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఎండబెట్టి, ముడులు కట్టి ఎరుపు నలుపు రంగులెక్కించి, అప్పుడు మగ్గం మీదికి ఎక్కించేవారు. ఆ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాల దాకా వెళ్లేవి. వ్యాపారంలో వాటికి స్థిరపడిన పేరు ఆసియా రుమాళ్లు. మన నేతగాళ్లు ఊరు కదలకుండానే వాళ్ల పనితనం సముద్రం దాటింది. ఈ తెలుగు నేలకే చెందిన ఫుట్‌బాల్ పనితనం మాత్రం జాతీయ జట్టు చొక్కా వేసుకుంటే తప్ప సరిహద్దు దాటలేకపోయింది. ఒక ఊరు, ఒక జట్టు తన పేరుతో తాను ఆసియా ముందు నిలబడే అవకాశం రాలేదు.

*

కొత్త పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు, వృత్తికి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. సిటీ పోలీసు జట్టుకు ఆయనే గురువు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఒక్కడే ఊరేగే అలవాటు మానిపించడానికి, డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న షరతుతో కుర్రాళ్లకు టోర్నీలు పెట్టినవాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ 1962 జకార్తాలోనూ భారత జట్టు బంగారు పతకం గెలిచింది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన చేతి చలవే. జకార్తా గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇంతటి గురువు, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయిన్ లాంటి ఆటగాళ్లు. అంతమంది ఉన్న పోలీసు జట్టు ఐదో రోవర్స్ కప్పు ఎత్తిన 1954లోనే మనీలాలో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. ఖండంలోని క్లబ్బులన్నిటికీ కలిపి ఒక పోటీ పెట్టాలన్న ఆలోచన అప్పటికి యూరప్‌లోనే కార్యరూపం దాల్చలేదు. అక్కడ యూరోపియన్ కప్పు 1955లో మొదలైంది. దానికి మూలం ఏ ప్రభుత్వమో సమాఖ్యో కాదు, ‘లెకిప్’ అనే ఫ్రెంచి క్రీడా దినపత్రిక. మా జట్టే గొప్పదని ఇంగ్లండు పత్రికలు రాసుకుంటుంటే, సరే ఆడి తేల్చుకోండని ఆ పత్రిక పట్టుబట్టింది. దక్షిణ అమెరికాలో 1960లో లిబర్టడోరెస్ కప్పు వచ్చింది. ఆసియా మేలుకునేసరికి 1967 అయింది.

ఈ లోపల హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. 1956–57లోనూ 1957–58లోనూ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. అంటే దేశంలో అగ్రస్థానం మనదే. కానీ కలకత్తా పిలుపు గట్టిది. అక్కడి పెద్ద క్లబ్బులు ఇచ్చే డబ్బు, ఆ మైదానాల్లో జనం, మర్నాడు పత్రికల్లో పేరు. పోలీసు శాఖలో కానిస్టేబులు ఉద్యోగం ఇంటిని నిలబెడుతుంది కానీ ఇవన్నీ ఇవ్వదు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ తర్వాత ఆ దారి రైలు పట్టాల్లా స్థిరపడిపోయింది. ప్రతి రెండు మూడేళ్లకూ హైదరాబాద్ గల్లీల్లో ఒక గొప్ప ఆటగాడు తయారవడం, కలకత్తా రైలెక్కడం. వెళ్లినవాళ్లను తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. ఆట మీద బతకాలనుకున్నవాడు ఆట బతికే ఊరికి పోతాడు. తప్పు పట్టవలసింది, వాళ్లు వెళ్లకుండా ఇక్కడే బతకగలిగే ఏర్పాటు చెయ్యని మన పెద్దలను.

1965–66లో కొల్లంలో జరిగిన సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది. రాష్ట్రం ఏర్పడి పదేళ్లు కూడా నిండకముందే, ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి గెలిచింది. ఆ జట్టులో మీసాలు సరిగ్గా మొలవని కుర్రాడొకడు ఉన్నాడు, మహమ్మద్ హబీబ్. 1949 జులైలో పుట్టినవాడు. అతని ఆట చూసిన ఈస్ట్ బెంగాల్ పెద్దలు వెంటనే కబురు పెట్టారు. ఆ ఏడాదే హబీబ్ కూడా కలకత్తా చేరాడు.

అంటే 1966లో భారతదేశపు ఛాంపియన్ ఆంధ్రప్రదేశ్. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా క్లబ్బుల కప్పు మొదలైంది. అప్పటికి సంతోష్ ట్రోఫీ రైల్వే జట్టు చేతికి పోయింది. పోలీసు జట్టుకు పదమూడేళ్లు ఆలస్యమైన కప్పు రాష్ట్ర జట్టుకు ఒక్క ఏడాది ఆలస్యమైంది. ఆ ఒక్క ఏడాదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

*

సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల పోటీ గదా, క్లబ్బుల కప్పుకీ దానికీ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. అసలు సంగతి అక్కడే ఉంది. భారతదేశానికి అప్పట్లో జాతీయ క్లబ్ లీగు లేదు. రోవర్స్, డ్యురాండ్, ఐఎఫ్ఏ షీల్డు లాంటి కప్పులున్నాయి గాని, ఏడాదంతా ఆడి ఇదీ దేశపు మేటి క్లబ్బు అని తేల్చే పోటీ లేదు. జాతీయ ఫుట్‌బాల్ లీగు 1996లో గాని మొదలు కాలేదు. అందుకని ఆసియా సమాఖ్య మీ ఛాంపియన్ క్లబ్బును పంపండి అంటే, మన ఫుట్‌బాల్ సమాఖ్య సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రాన్నే క్లబ్బుగా పంపింది. 1969లో మైసూరు రాష్ట్రం, 1970లో పశ్చిమ బెంగాల్, 1971లో పంజాబ్.

జపాన్ మనకన్నా ఫుట్‌బాల్‌లో వెనకబడిన దేశమని ఆ రోజుల్లో అనుకునేవారు. వాళ్లు 1965లోనే కంపెనీ జట్లతో జాతీయ లీగు పెట్టుకున్నారు. మొదటి నాలుగేళ్లూ దాన్ని హిరోషిమాకు చెందిన తోయో కోగ్యో గెలిచింది. మాజ్దా కార్లు తయారుచేసే కంపెనీ జట్టు అది. ఆ జట్టే జపాన్ తరఫున బ్యాంకాక్ వచ్చింది. మనకన్నా ముప్పై ఒక్క ఏళ్ల ముందు వాళ్లు చేసుకున్న ఏర్పాటు ఫలితం ఏమిటో ఈ రోజు జపాన్ జట్టును చూస్తే తెలుస్తుంది.

ఆ టోర్నీకి వచ్చిన జట్ల పేర్లు చదువుతుంటే నాకు ఆశ్చర్యం కలిగింది. 1969 జనవరిలో బ్యాంకాక్‌లో పది జట్లు దిగాయి. థాయిలాండ్ నుంచి బ్యాంకాక్ బ్యాంకు. దక్షిణ వియత్నాం నుంచి పోలీసు జట్టు. దక్షిణ కొరియా నుంచి యాంగ్‌జీ. ఈ యాంగ్‌జీ కథ కాస్త ఆగి చెప్పవలసింది. 1966 ప్రపంచ కప్పులో ఉత్తర కొరియా ఇటలీని 1–0తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. దక్షిణ కొరియా పాలకులకు ఆ వార్త నిద్రపట్టనివ్వలేదు. వాళ్ల గూఢచారి సంస్థ కేసీఐఏ 1967లో దేశంలోని మంచి ఆటగాళ్లను ఏరి తెచ్చి సొంతంగా ఒక జట్టు పెట్టింది. అదే యాంగ్‌జీ. ఉత్తరాదివాళ్లను మైదానంలో ఓడించడానికి పుట్టిన జట్టు. రాజకీయాల వేడి తగ్గగానే 1970లో దాన్ని మూసేశారు.

మిగతా ఏళ్లలో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన హపోయెల్ అక్కడి కార్మిక సంఘాల క్లబ్బు. ఆ పేరుకు అర్థమే కార్మికుడు. టెహ్రాన్ జట్టు తాజ్, అంటే కిరీటం. షా పాలనలో పెట్టిన ఆ పేరును 1979 విప్లవం తర్వాత ఎస్తెగ్లాల్ అని మార్చారు. అంటే స్వాతంత్ర్యం. బాగ్దాద్ నుంచి వచ్చినది అలియత్ అల్ షుర్తా, పోలీసు శాఖ జట్టే.

పోలీసులు, బ్యాంకులు, కార్మిక సంఘాలు, కార్ల కంపెనీ. ఆనాటి ఆసియాలో క్లబ్బంటే ఇదీ. జీతం ఇచ్చి, ఉద్యోగం పేరుతో ఆటగాణ్ణి పోషించే సంస్థ. హైదరాబాద్ సిటీ పోలీసు సరిగ్గా అలాంటి జట్టే. బాగ్దాద్ పోలీసులూ సైగాన్ పోలీసులూ ఆడిన టోర్నీలో హైదరాబాద్ పోలీసులకు స్థానం ఉండవలసింది. రాష్ట్రాన్ని క్లబ్బుగా మార్చే తిప్పలేమీ లేకుండా, నేరుగా తన పేరుతో, తన చొక్కాతో వెళ్లగలిగిన జట్టు భారతదేశంలో 1950ల్లో ఏదైనా ఉందంటే అది మనదే. టోర్నీ వచ్చేసరికి ఆ జట్టు వైభవం గతమైపోయింది. 

*

ఇక టోర్నీ కథ.

యూరప్‌లో మాదిరి ఒకసారి మీ ఊళ్లో, ఒకసారి మా ఊళ్లో ఆడటం ఆసియాలో కుదిరే పని కాదు. టెహ్రాన్ నుంచి సియోల్ ఎంత దూరం! అందుకని జట్లన్నీ ఒకే నగరానికి చేరి, రెండు వారాల్లో తేల్చుకునే పద్ధతి పెట్టారు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు అప్పుడు అధ్యక్షుడు మలేసియా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్. 1957 నుంచి కౌలాలంపూర్‌లో మెర్దెకా టోర్నీ నడుపుతున్న ఆటప్రియుడు.

తొలి టోర్నీ 1967 డిసెంబరులో బ్యాంకాక్‌లో ముగిసింది. అదే ఏడాది జూన్‌లో ఇజ్రాయెల్‌కూ అరబ్బు దేశాలకూ ఆరు రోజుల యుద్ధం జరిగిందని గుర్తుంచుకోండి. ఇజ్రాయెల్ అప్పటికి ఆసియా సమాఖ్యలో సభ్యదేశం. ఫైనల్లో టెల్ అవీవ్‌కు చెందిన హపోయెల్ జట్టు మలేసియా సెలంగోర్‌ను 2–1తో ఓడించి తొలి విజేత అయింది. ఇజ్రాయెల్‌కూ అరబ్బు జట్లకూ మధ్య చిక్కుముడి అప్పుడే పడింది, బిగుసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

1968లో టోర్నీ జరగలేదు. 1969 జనవరి టోర్నీలో భారత్ తరఫున ఆడిన మైసూరు రాష్ట్రం అంతకుముందు వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు. పది జట్లలో నాలుగో స్థానం తెచ్చుకుంది. తోయో కోగ్యోకు మూడో స్థానం దక్కింది. ఫైనల్లో టెల్ అవీవ్‌కే చెందిన మరో క్లబ్బు మక్కాబీ, యాంగ్‌జీని ఎక్స్‌ట్రా టైంలో 1–0తో ఓడించింది. మైసూరు నాలుగో స్థానాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఒకే రాష్ట్రంలోని ఆటగాళ్లతో వెళ్లిన జట్టు ఆసియాలో నాలుగోది కావడం చిన్న విషయమని నేను అనుకోను.

తర్వాతది 1970 ఏప్రిల్, టెహ్రాన్. ఇక్కడ మన కథ మళ్లీ తగులుతుంది. భారత్ తరఫున వెళ్లినది పశ్చిమ బెంగాల్. బెంగాల్‌కు ఆ టికెట్టు సంపాదించి పెట్టింది 1969 సంతోష్ ట్రోఫీ. ఆ ట్రోఫీలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడు మన హబీబ్. పదకొండు గోల్స్! మూడేళ్ల కిందట ఆంధ్రప్రదేశ్ చొక్కా వేసుకుని బెంగాల్‌ను ఓడించిన కుర్రాడు, బెంగాల్ చొక్కా వేసుకుని బెంగాల్‌ను ఛాంపియన్ చేశాడు. ఆసియా టోర్నీ పట్టికలో తెలుగు రాష్ట్రం పేరు లేదని మొదట్లో అన్నాను. పేరు లేదు నిజమే. కానీ ఆ పట్టికలో బెంగాల్ పేరు ఉండటానికి కారణాల్లో ఒకటి హైదరాబాద్‌లో పెరిగిన కాళ్లు.

టెహ్రాన్‌లో బెంగాల్ సెమీస్ దాకా వెళ్లి తాజ్ చేతిలో ఓడింది. మూడో స్థానం కోసం లెబనాన్ జట్టు హోమెనెట్‌మెన్‌తో ఆడి అదీ ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. హోమెనెట్‌మెన్ బీరూట్‌లోని ఆర్మీనియన్ల క్లబ్బు. తొలిసారి ఆట ఆగింది వాళ్ల వల్లే. సెమీస్‌లో హపోయెల్‌తో ఆడవలసి వస్తే, ఇజ్రాయెల్ జట్టుతో ఆడేది లేదని వాళ్లు మైదానంలోకి దిగలేదు. హపోయెల్‌కు వాకోవర్ వచ్చింది. ఫైనల్ ఏప్రిల్ 10న అమ్జదియే స్టేడియంలో. షా ప్రభుత్వానికి ఇజ్రాయెల్‌తో సంబంధాలుండేవి కాబట్టి తాజ్ ఆడింది. 2–1తో గెలిచింది. ఇజ్రాయెల్‌కు చెందని విజేత ఆ నాలుగు టోర్నీల్లో అదొక్కటే.

1971లో టోర్నీ మళ్లీ బ్యాంకాక్‌కు వచ్చింది. పంజాబ్ వెళ్లింది. ఈసారి ఫైనల్‌కు చేరినవి మక్కాబీ, బాగ్దాద్ అల్ షుర్తా. ఇరాక్ ఆటగాళ్లు ఫైనల్ ఆడటానికి నిరాకరించారు. మైదానంలో పాలస్తీనా జెండా పట్టుకుని చుట్టూ తిరిగి, బంతి తన్నకుండా వెళ్లిపోయారు. కప్పు మక్కాబీకి ఇచ్చేశారు. ఆడకుండా వెళ్లిన ఆ జట్టుకు బాగ్దాద్‌లో జనం విజేతలకు పట్టినట్టే స్వాగతం పట్టారు.

అక్కడితో సరి. 1972 టోర్నీ రద్దయింది. ఆ తర్వాత మరి జరగలేదు. 1974లో ఆసియా సమాఖ్య ఇజ్రాయెల్‌ను బయటకు పంపింది. క్లబ్బుల పోటీ మళ్లీ తలెత్తడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది.

*

టోర్నీని చంపింది రాజకీయాలు. దానికి భారత్ చేసిందేమీ లేదు. మన జట్లు ఎవరితోనైనా ఆడాయి. 1964లో ఇజ్రాయెల్‌లోనే జరిగిన ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో నిలిచింది. కానీ ఆ కప్పు బతికి ఉంటే మాత్రం మనకు ఏమైనా ఒరిగేదా? దీని గురించి చాలా ఆలోచించాను. ఒరిగేది కాదనే నా నిర్ణయం. ఎందుకంటే ఆటగాళ్ల కొరత మనకు ఎన్నడూ లేదు. ఆ నాలుగైదేళ్ల సంగతులు చూస్తేనే తెలుస్తుంది.

టెహ్రాన్ టోర్నీ జరిగిన ఐదు నెలలకు, 1970 సెప్టెంబరులో, ఇరాన్ నుంచి పాస్ క్లబ్బు ఐఎఫ్ఏ షీల్డు ఆడటానికి కలకత్తా వచ్చింది. పాస్ కూడా టెహ్రాన్ పోలీసు జట్టే. ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 1–0తో దాన్ని ఓడించింది. హబీబ్ ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉన్నాడు. అదే ఏడాది డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి భారత్ కాంస్యం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనదీ హైదరాబాదే. జట్టులో హబీబ్ ఉన్నాడు. రహీం పోయి ఏడేళ్లయినా ఆయన ఊరి పిల్లలే దేశాన్ని మోస్తున్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి పతకం అదే. యాభై ఏళ్లు దాటింది.

కాబట్టి ఆటగాళ్లు ఉన్నారు, గురువులు ఉన్నారు, చూడటానికి జనం ఉన్నారు. లేనిది ఏడాదంతా నడిచే లీగు, సొంత కాళ్ల మీద నిలబడే క్లబ్బు. క్లబ్బు అన్నదాన్ని మనం కట్టుకోలేదు. పోలీసు శాఖలో ఆట మీద ప్రేమ ఉన్న అధికారి ఉన్నంతకాలం జట్టు వెలిగింది. బదిలీలు, పదవీ విరమణలు అయ్యేసరికి దీపం కొడిగట్టింది. వేటపాలెంలో పుస్తకాలకు శ్రేష్ఠి గారు చేసిన పని, ఒక మనిషి పోయినా నిలిచే ఏర్పాటు చెయ్యడం, ఫుట్‌బాల్‌కు హైదరాబాద్‌లో ఎవరూ చెయ్యలేదు. రహీం చెయ్యగలిగేవారేమో. ఆయనకు ఆయుష్షు చాలలేదు.

మా డ్రిల్లు మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు. కోస్తాలో హైస్కూలు మైదానమంటే బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్, సాయంత్రం పూట చెడుగుడు. ఫుట్‌బాల్ గోల్ పోస్టులు పాతిన బడులు తక్కువ. ఉన్నవాటిలోనూ ఆ పోస్టులకు బట్టలు ఆరేసుకునేవారు. "హైదరాబాద్‌లో అంత జరుగుతుంటే మాకు తెలియలేదండీ" అన్నారాయన. తెలంగాణలోని ఆట కోస్తాకు పాకకపోవడం, రెండు ప్రాంతాల సంఘాలు ఒకటయ్యాక కూడా పల్లె బడులకు బంతులు చేరకపోవడం, ఇవి వేరే భాగంలో వివరంగా రాయవలసిన సంగతులు.

ఈ మధ్య జరిగినది కూడా చెప్పి ముగిస్తాను. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. హైదరాబాద్ పేరుతో ఒక క్లబ్బు దేశపు ఛాంపియన్ కావడం చూసి నాలాంటివాళ్లకు కళ్లు చెమర్చాయి. ఇక ఆసియా టోర్నీ ఆడుతుంది, 1954 లోటు తీరుతుంది అనుకున్నాం. 2023 మేలో కోజికోడ్‌లో ఏఎఫ్‌సీ కప్పు అర్హత కోసం జరిగిన ఆటలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో 3–1తో ఓడిపోయింది. 2025లో ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. కలకత్తా రైలెక్కింది ఆటగాళ్లు. ఈసారి క్లబ్బుకు క్లబ్బే ఊరు విడిచింది.

బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయారు. ఆ తరంలో మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. వాళ్ల ఇళ్లల్లో పాత చొక్కాలు, టోర్నీ జ్ఞాపికలు, గ్రూపు ఫోటోలు, ఇరానీ హోటల్లో కూర్చుని రాసుకున్న ఉత్తరాలు ఇంకా ఉండి ఉంటాయి. ఇల్లు మారినప్పుడు మొదట పాత సామాన్లవాడికి పోయేవి అవే.

పాఠకులకు నా విన్నపం ఒకటి. మీ ఇంట్లో తాతగారిదో మేనమామదో పోలీసు జట్టు ఫోటో గాని, 1966 ఆంధ్రప్రదేశ్ జట్టుకు సంబంధించిన కాగితం గాని, రోవర్స్ కప్పు టికెట్టు ముక్క గాని ఉంటే పారెయ్యకండి. వెనకవైపు పెన్సిలుతో పేర్లూ ఏడాదీ రాసి, దగ్గరలోని గ్రంథాలయంలో ఇవ్వండి. వీలైతే వేటపాలెం తీసుకెళ్లి ఇవ్వండి.